చేతులు కనబడే ఫోను

"సౌండు చాలా బాగుంటుంది మేడమ్, వినండి," అంటూ కౌంటర్ వెనకనున్న అమ్మాయి ఫోనులో పాట పెట్టి అక్క చెవి దగ్గరికి తెచ్చింది.

అక్క మొహం కొంచెం పక్కకి తిప్పుకుంది. "సౌండు అక్కర్లేదమ్మా. ఫోను మా చెల్లికి. దానికి వినపడదు."

అమ్మాయి పాట ఆపేసింది. ఆమెకి నెలలు నిండాయి. ఒక చెయ్యి నడుముకి ఆనించుకుని, చెప్పులోంచి పాదం బయటికి తీసి రెండో పాదం మీద పెట్టుకుని నిలబడి ఉంది. మరి ఫోనెందుకని అడిగింది. అడిగాక ఆమెకే ఎబ్బెట్టుగా అనిపించిందేమో, మెసేజీలకా అని సర్దుకుంది.

అక్కకి కోపం రాలేదు. ఈ ప్రశ్న ఆమె పని చేసే హోటలు లాండ్రీలో అందరూ అడిగారు. ఇంట్లో మొగుడు కూడా అడిగాడు, కాస్త వేరే మాటల్లో. చెల్లెలికి రాయడం వచ్చు, కానీ ఒక్కో మాటా రాళ్లు పేర్చినట్టు పేరుస్తుంది. 'రేపు వచ్చా అన్నం లేదు' అని రాసిందంటే, వచ్చిందో వస్తుందో, తినలేదో తిననక్కర్లేదో ఎవరూ చెప్పలేరు. అక్క చెప్పగలదు, అదీ ఆ మొహం ఎదురుగా ఉంటేనే. వాళ్లిద్దరి మాటలూ చేతుల్లోనే. ఎవరూ నేర్పినవి కావు, ఇంట్లో పుట్టినవి. చెవి తమ్మె పట్టుకుంటే చనిపోయిన అమ్మ. గాలిలో చక్రం తిప్పితే నీళ్ల ట్యాంకరు నడిపే బావ. అరచెయ్యి ముందుకీ వెనక్కీ జారిస్తే ఇస్త్రీ చేసే అక్క. ఈ భాష వచ్చినవాళ్లు లోకంలో ఇద్దరే మిగిలారు, బావని కూడా కలుపుకుంటే రెండున్నర.

ఆ ఇద్దరిలో ఒకరు ఆదివారం బస్సెక్కుతున్నారు. కళ్లజోళ్ల ఫ్రేములు చేసే ఫ్యాక్టరీ ఒకటుందనీ, అక్కడ వినపడనివాళ్లకి పనిస్తారనీ, హాస్టలు కూడా వాళ్లదేననీ, చెల్లెలు బొత్తాలు కుట్టే టైలరు దుకాణానికి వచ్చే ఒకావిడ చెప్పింది. మొదట అక్కకే చెప్పింది. అక్క తలూపి ఊరుకుంది. రెండోసారి వచ్చినప్పుడు ఆవిడ నేరుగా చెల్లెలికే కాగితం మీద రాసి చూపించింది. వారం తిరక్కుండా ఉద్యోగం ఖాయమైంది.

"వీడియోలో మాట్లాడుకోవాలి," అంది అక్క. "చేతులు కనబడాలి. ధర మా తాహతులో ఉండాలి."

అమ్మాయి గాజు బల్ల కిందనుంచి ఒక్కో ఫోనూ తీసి పరిచింది. దేన్లో చూసుకున్నా మొహం నున్నగా, ఎవరో తుడిచిపెట్టినట్టు మెరుస్తోంది. అమ్మాయి కెమెరాల గురించి గడగడా చెప్పుకుపోయింది. అక్క అంతా విని, సంచీలోంచి తన ఫోను తీసింది. అంచు పగిలిన ఆ ఫోను ఒకప్పుడు మొగుడిది. ఒకసారి దీనికీ దానికీ వీడియో కాల్ కలుపుతారా, కొత్త ఫోను ముందు మీరు చేతులాడించండి, పాత దాన్లో నేను చూస్తాను అని అడిగింది.

అమ్మాయి చుట్టూ చూసింది. దుకాణంలో వేరే బేరం లేదు. కొంచెం సిగ్గుపడుతూనే చేతులు ఊపింది. అలా కాదని అక్క చేసి చూపించింది. చక్రం తిప్పాలి, వేళ్లు ఒక్కొక్కటే విప్పాలి, రెండు వేళ్లు అరచేతిలో నడిపించాలి. అమ్మాయి పొట్ట బల్లకి తగలకుండా వెనక్కి జరిగి అలాగే చేసింది. అక్క తన తెర మీద చూసింది. మొహం ఉంది, గోడ ఉంది, గోడకున్న గడియారం కూడా ఉంది. వేళ్లుండాల్సిన చోట పొగ కదిలినట్టు ఏదో కదిలింది.

"కొంచెం మెల్లగా చేస్తే బాగానే పడుతోంది కదా మేడమ్?"

"మా చెల్లి మెల్లగా మాట్లాడదమ్మా. కోపమొస్తే అసలు ఆగదు."

అమ్మాయి నవ్వేసింది. ఆ నవ్వుతో ఆమెకి పని మీద శ్రద్ధ కుదిరింది. ఫోను మార్చి ఫోను పెట్టి చేతులు తిప్పింది. కొన్నిట్లో వేళ్లు పొగయ్యాయి, కొన్నిట్లో బొమ్మ ఆగి ఆగి దూకింది. ఒక దాన్లో చేతులు చక్కగా కనిపించాయని అక్క సంబరపడబోయి ఆగింది. ఈ దుకాణంలో తల మీద ఇన్ని లైట్లున్నాయి. హాస్టలు గదిలో మూలన ఒకే బల్బు ఉంటే? ఆ మాట అడిగితే అమ్మాయి విసుక్కోకుండా ఫోను పట్టుకుని అట్టపెట్టెలు పేర్చిన వెనక గదిలోకి వెళ్లింది. అక్కడి మసక వెలుతురులో ఆ చేతులూ చెరిగిపోయాయి.

చివరికి మిగిలింది కిందటేడాది మోడలు. పెట్టె మూల నొక్కుకుపోయి ఉంది. చూడటానికి బండగా, ఇటుకలా ఉంటుందని ఎవరూ అడగరట. వెనక గదిలో దాని ముందు అమ్మాయి వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. అక్క తెర మీద ఐదు వేళ్లూ, వేళ్లకున్న గోళ్లూ కనిపించాయి. అనుకున్నదానికన్నా ధర కొంచెం ఎక్కువే. అక్క కాసేపు పెట్టె మూల నిమురుతూ నుంచుని, ఇదే ఇవ్వమంది.

ప్లాను దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. అన్నిట్లోనూ ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చన్నదే పెద్ద అక్షరాల్లో ఉంది. నెట్టు మాత్రం చిటికెడు. మాటలు తీసేసి ఆ డబ్బుకి నెట్టు ఇచ్చే ప్లాను లేదా అని అక్క అడిగింది. అమ్మాయి ప్లాన్లు అచ్చేసిన అట్ట ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, లేదంది. మాట్లాడినా మాట్లాడకపోయినా మాటలకి కట్టాల్సిందేనంది. ఆ మాట అక్కకి ముల్లులా దిగింది. అమ్మాయి కావాలని అనలేదు, అట్ట మీదున్నదే చెప్పింది. అయినా దిగింది. ఎక్కువ రోజులొచ్చే ప్లానులో వీడియో కొద్ది నిమిషాలకే అయిపోతుంది. ఎక్కువ నెట్టున్నది నెల తిరక్కుండానే మళ్లీ వేయించుకోవాలి. వేయించుకోవడం చెల్లెలు మరిచిపోతే? అక్కడ ఎవరినడగాలో తెలియకపోతే? ఎక్కువ నెట్టున్నదే తీసుకుని, గడువు దగ్గరపడగానే తనే ఇక్కణ్ణుంచి వేయించాలని అక్క అప్పటికప్పుడు నిశ్చయించుకుంది. అలా నిశ్చయించుకున్నాక కాస్త ఊపిరాడింది.

సిమ్ము అక్క పేరు మీదే తీసుకోమని అమ్మాయి చెప్పింది, పని తేలిగ్గా అయిపోతుందట. అక్క మనసు అటే లాగింది. కానీ జీతం పడే బ్యాంకు ఖాతాకి సొంత నంబరే ఉండాలని ఫ్యాక్టరీ వాళ్లు గట్టిగా చెప్పారు. అయితే మనిషి రావాలంది అమ్మాయి. చివరి రోజున చెల్లెలి చేతిలో పెట్టి ఆశ్చర్యపరుద్దామనుకున్న బహుమతి అక్కడితో బయటపడిపోయింది.

*

మర్నాడు సాయంత్రం చెల్లెల్ని తీసుకుని వెళ్లింది. ఎక్కడికని దారంతా చెల్లెలు అడుగుతూనే ఉంది. అక్క జవాబివ్వకుండా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. దాటాక చెల్లెలు ఎప్పట్లాగే చెయ్యి విడిపించుకుంది.

పెట్టె తెరిచి ఫోను చేతికిచ్చినప్పుడు చెల్లెలు మొదట దాన్ని అటూ ఇటూ తిప్పి బరువు చూసింది. ఇటుకలా ఉందని చేత్తో చూపించింది. తర్వాత తెర మీద తన మొహం కనబడగానే ఒక్క క్షణం నిలబడిపోయి, ఆ మొహంతోనే మాట్లాడటం మొదలుపెట్టింది. నువ్వెవరు? ఎక్కడికి వెళ్తున్నావు? ఉద్యోగమా, నీకెవరిచ్చారు? వేళ్లన్నీ స్పష్టంగా పడ్డాయి. కౌంటరు అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అక్క కళ్లు తిప్పుకుని పెట్టెలో చార్జరుందో లేదో చూసింది.

ఫోటో తీశారు, వేలిముద్ర తీసుకున్నారు. అన్నీ అయ్యాక ఒక్కటే మిగిలిందని అమ్మాయి చెప్పింది. సిమ్ము పని చెయ్యాలంటే కంపెనీ నంబరుకి ఫోను చెయ్యాలి. అటువైపు మనిషి అడిగేవాటికి సిమ్ము ఎవరిదో వాళ్లే జవాబు చెప్పాలి.

"వాళ్లే అంటే?"

"నోటితోనే చెప్పాలక్కా. వేరే దారి మా దగ్గర లేదు." అమ్మాయి గొంతు తగ్గించింది. "ఆడమనిషి గొంతైతే చాలు. వాళ్లకేం తెలుస్తుంది?"

అక్క అప్పటికే ఫోను అందుకుంది. అటువైపు గొంతు పేరడిగింది. అక్క చెల్లెలి పేరు చెప్పింది. పుట్టిన తేదీ అడిగింది, చెప్పింది. ఈ నంబరు తీసుకుంటున్నది మీరేనా, మీ ఇష్టంతోనే తీసుకుంటున్నారా అని అడిగింది.

"అవునండీ, నేనే. నా ఇష్టంతోనే."

ఇన్నేళ్లుగా రేషను దుకాణంలో, ఆసుపత్రిలో, టైలరు దగ్గర చెల్లెలి తరఫున చెప్పిన మాటలతో పోలిస్తే ఇదేమంత పెద్దది కాదు. అక్క తేలికపడి ఫోను కింద పెట్టింది. చెల్లెలు ఆమె పెదాల వైపే చూస్తోంది. ఏం చెప్పావని అడిగింది. నేనే నువ్వని చెప్పానని, నవ్వొస్తుందేమోనని, అక్క చేతులు తిప్పింది.

చెల్లెలు నవ్వలేదు. ఫోను ఎవరిదని అడిగింది. నీదేనంది అక్క. చెల్లెలి చేతులు వేగం పుంజుకున్నాయి. రేపు అక్కడ ఫోను ఆగిపోతే మళ్లీ ఇలాగే అడుగుతారు. అప్పుడేం చెయ్యను? నీ గొంతు ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?

అక్క ఆగిపోదులే అంది. ఆగిపోతే నేనొస్తానంది. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సిందని అంటూండగానే తెలిసింది. చెల్లెలు ఫోను పెట్టెలో పెట్టి మూత వేసింది. కంపెనీ ఆఫీసెక్కడో నాకు చూపించు, నాకు వినపడదని చెప్పి తీసుకుంటానంది.

కౌంటరు అమ్మాయికి విషయం అర్థమయ్యేసరికి ఆమె మొహం కూడా మారిపోయింది. అలా చెప్తే వాళ్లు ఉన్న సిమ్ము ఆపేస్తారక్కా, మళ్లీ మొదలయ్యేసరికి ఎన్నాళ్లు పడుతుందో తెలియదు, పైగా బస్సు ఎల్లుండే అంటున్నారు అంది. ఆమె చెప్పిందంతా అక్క చేతులతో చెల్లెలికి చెప్పింది. కాస్త ఎక్కువ చేసే చెప్పింది. ఫోను లేకుండా వెళ్లాల్సొస్తుందంది, దారిలో ఏమైనా అయితే ఎవరికీ తెలియదంది. చెల్లెలు అంతా చూసి, అయితే అవనీ అంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూడకుండా తిరిగారు. ట్యాంకరు డ్యూటీ నుంచి వచ్చిన బావకి మధ్యలో ఏదో జరిగిందని తెలిసింది. తనకొచ్చిన సగం భాషలో చెల్లెల్ని అడగబోయి, చక్రం తిప్పబోయి రొట్టెల పిండి పిసికినట్టు పిసికాడు. మామూలుగా అయితే చెల్లెలు నవ్వేది.

"మన మంచికే కదా చెప్పాను," అంది అక్క మొగుడితో.

"నీ మంచికో దాని మంచికో ముందు తేల్చుకో," అన్నాడతను. అని, ఎక్కువ మాట్లాడాననుకున్నాడేమో, స్నానానికి లేచిపోయాడు.

*

శనివారం సిమ్ము కంపెనీ ఆఫీసులో జనం కిక్కిరిసి ఉన్నారు. గుమ్మం దగ్గరి యంత్రం టోకెను చీటీ ఇచ్చింది. గోడ మీద నంబర్లు చూపించే బోర్డు ఉంది గానీ వెలగడం లేదు. పైన స్పీకరులోంచి ఒక గొంతు నంబరు చదువుతోంది, అంతే. చదివాక మనిషి లేవకపోతే తర్వాతి నంబరుకి పోతోంది. చెల్లెలు చీటీ పట్టుకుని వెలగని బోర్డు వైపు కాసేపు చూసింది. తర్వాత లేచి, పక్కనున్న పెద్దాయనకి తన చీటీ చూపించి, ఆయన చీటీ అడిగి చూసింది. ఆయన నంబరు ముందుది. ఇక ఆయన మీంచి చూపు తిప్పలేదు. ఆయన లేచాక ఆయన తర్వాత కూర్చున్నావిణ్ణి పట్టుకుంది. అక్క పక్కనే ఉండి కూడా వీపు తట్టలేదు. తన చేతులు తొడల కింద పెట్టుకుంది, అవి వాటంతటవే లేస్తాయన్న భయంతో.

నంబరు పిలిచినప్పుడు చెల్లెలు అప్పటికే కౌంటరు ముందుంది. అక్క వెనకాల ఒక అడుగు దూరంలో నిలబడింది.

అద్దం అవతల టై కట్టుకున్న గుమస్తా ఏం కావాలన్నాడు. చెల్లెలు ఇంట్లో రాత్రి భోజనాల ముందు కూర్చుని రాసుకున్న కాగితం అద్దం కిందనుంచి తోసింది. వంకర అక్షరాలు. 'నాకు వినపడదు. సిమ్ము నాది. మాట్లాడింది అక్క. తప్పు. నేను ఉన్నా చూడండి.'

గుమస్తా చదివాడు. మళ్లీ చదివాడు. చెల్లెల్ని దాటి అక్క వైపు చూశాడు.

"ఏమంటుందండీ ఈవిడ?"

జవాబు అక్క నాలుక మీదే ఉంది. నిన్న దుకాణంలో ఇలా జరిగిందండీ, రేపు దీనికి ప్రయాణముందండీ, కాస్త దయచూడండీ. మూడు ముక్కల్లో అయిపోతుంది. అతను మంచివాడిలాగే ఉన్నాడు, చేసిపెట్టేస్తాడు. చెల్లెలు వెనక్కి తిరగలేదు. కానీ ఆమె భుజాలు బిగుసుకోవడం అక్కకి కనిపించింది. గుమస్తా చూపు ఎటు పోయిందో చెల్లెలికి తెలుసు.

"నన్నడక్కండి. ఆమెనే అడగండి," అంది అక్క.

"ఆమెకి వినపడదంటున్నారుగా?"

"చదవడం వచ్చు. రాసి అడగండి."

అని, ఇక అక్కడ నిలబడితే నోరు ఊరుకోదని తెలిసి, వెనక్కి వెళ్లి వీధి కనిపించే కుర్చీలో కూర్చుంది. కౌంటరుకి వీపు పెట్టి కూర్చుంది. ఎదురుగా వీధిలో ఒకతను సైకిలు గొలుసు ఎక్కించుకుంటున్నాడు. అక్క ఆ గొలుసునే చూసింది. వెనకాల జనం సణుగుడు వినిపిస్తూనే ఉంది. ఎంతసేపండీ అని ఎవరో అన్నారు. వెంట మనిషి వచ్చింది కదా, ఆమె చెప్పొచ్చు కదా అని ఇంకెవరో అన్నారు. అక్క మెడ కాలిపోయింది. చెల్లెలికి ఈ మాటలు వినపడవు, ఆమె వంతు కూడా తానే వింటోంది. గొలుసు ఎక్కింది, సైకిలు వెళ్లిపోయింది. వీధి ఖాళీ అయ్యాక చూడటానికేమీ మిగల్లేదు.

భుజం మీద చెయ్యి పడేసరికి ఉలిక్కిపడింది. చెల్లెలి మొహం ఎర్రగా, చెమట పట్టి, పరుగు పందెం పూర్తి చేసినట్టుంది. గుమస్తా పైనున్న ఆఫీసరమ్మని పిలిచాడట. ఆవిడ కూడా రాసే అడిగిందట. పాత కాల్ కొట్టేశారు. మాటకి బదులు ఫోనులో మొహం చూసి ఒప్పుకునే పద్ధతి ఒకటి ఉందట, అది ఇప్పుడే చేశారు. గుమస్తా ఒక మాట తప్పుగా రాస్తే తనే దిద్దిందట. ఆ ముక్క చెప్పేటప్పుడు చెల్లెలి కనుబొమలు పైకి లేచాయి.

మరి సిమ్ము? ఇప్పుడు ఆగిపోయింది. మళ్లీ ఎప్పుడు? చెల్లెలు పెదవి విరిచి అరచేతులు పైకి చూపించింది. రేపో, ఎల్లుండో, ఆ తర్వాతో. పని చేసే సిమ్ము లేకుండానే బస్సెక్కుతుందన్నమాట. అయినా అక్క తలూపింది. బయటికొచ్చాక, మంచి పని చేశావని చేత్తో చెప్పింది. చెల్లెలు ఆ చేతులవైపు కాదు, మొహంవైపు చూసి, భయపడకు అంది.

*

ఆదివారం బస్సు దగ్గర చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేకపోయింది. నీళ్ల సీసా, దుప్పటి, ఫోను. పెట్టె మూల నొక్కు ఉందని చెల్లెలు దాన్ని ఇంట్లోనే వదిలేసింది. ఫోనుని మాత్రం పాత మేజోడులో చుట్టి సంచీ అడుగున పెట్టుకుంది. బస్సు కదిలాక కిటికీలోంచి అరచెయ్యి ముందుకీ వెనక్కీ జార్చింది. అక్క బదులు చేసేలోపు బస్సు మలుపు తిరిగింది.

సాయంత్రానికి చేరాలి. అక్క ఆ సాయంత్రం నుంచి ఫోను చేతిలోంచి దించలేదు. హాస్టలు నంబరుకి చేస్తే ఎవరో మగమనిషి ఎత్తి, కొత్త అమ్మాయిలు కొందరు వచ్చారనీ, పేర్లు తనకి తెలియవనీ చెప్పి పెట్టేశాడు. కొందరిలో తన చెల్లెలుందా? దారిలో టీ తాగడానికి బస్సాగుతుంది. కండక్టరు రైట్ రైట్ అని అరుస్తాడు. అది దిగి ఉంటే? అక్క ఈ బస్సునే మనసులో ఎన్నోసార్లు ఆపింది, ఎన్నోసార్లు కదిలించింది.

"అది ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. నువ్వే ఇంకా బస్సులో ఉన్నావు," అన్నాడు మొగుడు. తర్వాత ఆమె మొహం చూసి, పొద్దున్నే ట్యాంకరు యజమానికి తెలిసినవాళ్లు ఆ ఊళ్లో ఎవరైనా ఉన్నారేమో కనుక్కుంటానన్నాడు.

సోమవారం ఫోను రాలేదు. ట్యాంకరు యజమానికి ఆ ఊళ్లో తెలిసినవాళ్లెవరూ లేరు. చెల్లెలి నంబరుకి కలిపినప్పుడల్లా ఈ నంబరు ప్రస్తుతం పని చెయ్యడం లేదని ఒక తియ్యటి గొంతు చెప్పింది. మొన్న ఆ ఒక్క మాటా తనే గుమస్తాతో చెప్పి ఉంటే ఈపాటికి దాని మొహం చూసుండేదాన్ననిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది, అయినా అనిపించడం మానలేదు.

మంగళవారం హోటల్లో పెద్ద బృందం దిగింది. లాండ్రీలోకి తడి బట్ట కొండలా వచ్చింది. అక్క దిండు గలీబుల బల్ల దగ్గరుంది. గలీబు పరచడం, అంచు లాగడం, నీళ్లు చిలకరించడం, ఇస్త్రీ పెట్టె నడిపించడం, మడవడం. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఫోనుని ఎదురుగా అరమీద గంజి డబ్బాకి ఆనించి నిలబెట్టింది. ఒకసారి దాని తెర వెలిగిందనుకుని చూస్తుండిపోయింది. వెలగలేదు, పైన దీపం మెరిసింది, అంతే. కిందికి చూసేసరికి గలీబు మీద పెట్టె ఆకారంలో లేత గోధుమరంగు మచ్చ. సూపర్‌వైజరు వచ్చి మచ్చ మీద వేలితో గీసి చూశాడు. ఏమీ అనకుండా ఆ గలీబు మడిచి చంకలో పెట్టుకుపోయాడు. అనకపోవడమే మరీ భయంగా ఉంది. జీతంలో పట్టుకోడానికే తీసుకెళ్లాడు.

మధ్యాహ్నం భోజనాల గంటకి కొంచెం ముందు ఫోను నిజంగానే వెలిగింది.

అక్క ఇస్త్రీ పెట్టెని నిలువుగా నిలబెట్టింది. తడి చేతులు చీరకి తుడుచుకుని తెర మీద నొక్కింది. ఒకసారికి పట్టలేదు. మళ్లీ నొక్కింది.

చెల్లెలు. మొహం, మొహం వెనక పొడుగాటి బల్లలు, పెద్ద పెద్ద కిటికీలు. ఆ వెలుతురులో చేతులు గోళ్లతో సహా కనబడుతున్నాయి. సిమ్ము ఇప్పుడే పట్టిందంది. ఆదివారమే చేరానంది. గది బాగుందనీ, మంచం పైదనీ, ఎక్కేటప్పుడు మోకాలు కొట్టుకుందనీ చెప్పింది. మోకాలు కూడా చూపించింది. అక్క ఒకటే అడుగుతోంది, తిన్నావా, తిన్నావా అని. తిన్నాను, నువ్వెందుకలా చిక్కిపోయావు, ఎదురుచూస్తావని నాకు తెలుసు, ఏం చెయ్యను అంది చెల్లెలు. అక్కకి గొంతులో ఏదో అడ్డుపడింది. చేతులతో మాట్లాడేటప్పుడు గొంతుతో పని లేదు కనక ఆ సంగతి చెల్లెలికి తెలియనక్కర్లేకపోయింది.

అంతలో తెరలోకి ఇంకో మొహం వచ్చింది. పొట్టి జుట్టు అమ్మాయి. వెనకే ఇంకొకామె, కొంచెం పెద్దది, నుదుటి మీద రక్షణ కళ్లద్దాలు ఎత్తిపెట్టుకుని ఉంది. పొట్టి జుట్టు పిల్ల అక్కని చూసి చెల్లెల్ని ఏదో అడిగింది. వేళ్లు మెరుపుల్లా కదిలాయి. అందులో ఒక్క కదలికా అక్క ఎన్నడూ చూసింది కాదు. చెల్లెలు జవాబు చెప్పింది. ఆమె కూడా ఆ చేతులతోనే, తడబడుతూ, మధ్యలో పెద్దామె వేలు పట్టి సరిచేస్తుంటే, చెప్పింది. వచ్చి రెండు రోజులే. అప్పుడే ఏదో అంది, ముగ్గురూ పకపకా నవ్వారు.

అక్క కూడా నవ్వింది. తలూపింది. ఏమీ అర్థం కాకపోయినా నవ్వుతూ తలూపడం తనకి ఇంత బాగా వచ్చని ఆమెకి అంతవరకూ తెలియదు.

చెల్లెలు నవ్వాపి తెరకి దగ్గరగా వచ్చింది. ఇంటి చేతులతో అడిగింది. అర్థమైందా?

అక్క తలూపింది.

అబద్ధం, అంది చెల్లెలు.

ఆమె పక్కనున్నవాళ్ల వైపు తిరిగి రెండు అరచేతులూ కిందికి నొక్కింది. మెల్లగా అని కాబోలు. పొట్టి జుట్టు పిల్ల చేతులు నెమ్మదించాయి. చెల్లెలు ఒక్కో ముక్కా ఇంటి చేతుల్లోకి తిప్పి అక్కకి చెప్పింది. వాళ్లు ఈమె ఎవరని అడిగారు. మా అక్క అని చెప్పాను. మీ అక్కకి వినపడుతుందా అన్నారు. వినపడుతుందన్నాను. అయ్యో పాపం, అయితే ఏమీ రాదా అన్నారు. అందుకే నవ్వాం.

అక్క నిర్ఘాంతపోయి, తర్వాత నిజంగానే నవ్వింది. ఏమంటోంది, ఏమంటోంది అని పక్క బల్ల మీద దుప్పట్లు మడిచే ఆమె అడుగుతోంది. అక్క వినిపించుకోలేదు. అక్కడ చెల్లెలికి కొత్త పేరు పెట్టారట. చూపుడువేలు బొటనవేలితో కలిపి చెంప మీద, చెల్లెలికి నవ్వితే సొట్టపడే చోట, ఒకసారి తిప్పడం. పొట్టి జుట్టు పిల్ల చేసి చూపించింది. అక్క చేసింది. పెద్దామె తల అడ్డంగా ఊపింది. వేళ్లు కలిసిన పద్ధతి తప్పట, అలా చేస్తే ఇంకేదో అర్థమొస్తుందట. ఆ అర్థమేమిటో చెప్పకుండా ముగ్గురూ మళ్లీ నవ్వారు. అక్క మళ్లీ చేసింది. ఈసారి తిప్పాల్సిన వైపుకి కాక రెండో వైపుకి తిప్పింది. చెల్లెలు ఓపిగ్గా, చిన్నపిల్లకి చూపించినట్టు, తెర నిండా తన చెయ్యే కనిపించేలా దగ్గరికి పెట్టి తిప్పింది.

భోజనాల గంట మోగింది. గలీబుల తట్టలు ఇంకా కదల్లేదని సూపర్‌వైజరు తలుపు దగ్గర్నుంచి కేక వేశాడు. ఆమె ఇస్త్రీ పెట్టె వదిలేసి గంజి డబ్బా ముందు ఊరికే నిలబడి ఉందనుకున్నాడు.

"ఆగండి," అంది అక్క తెర మీంచి చూపు తిప్పకుండా, చెంప మీద వేళ్లు సరిచేసుకుంటూ. "మాట్లాడుతున్నాను."